యంత్రానికి తగిన ఇల్లు

సూరత్ నగరంలో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల వీధులలో నడిచేవారి చెవికి మొదట సోకేది మరమగ్గాల చప్పుడు. కొంచెం చెవి ఒగ్గి వింటే రెండవది తెలుగు మాట. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ వేలకొలదిగా ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను నడుపుతున్నది. తాతలు చేతిమగ్గం మీద నేశారు. తండ్రులు సాంచాల మీద నేశారు. మనుమలలో కొందరు మగ్గం దగ్గరకు పోకుండానే బట్ట మీద పూలు పూయిస్తున్నారు. వారి పనిముట్టు కంప్యూటరు.

అటువంటి యువకుని ఒకనిని ఊహించుకోవచ్చు. చీర అంచుకు కావలసిన లతను తెర మీద గీసి, ఏ కుట్టు ఎక్కడ పడాలో, దారం రంగు ఎప్పుడు మారాలో నిర్ణయించి, ఆ లెక్కనంతా ఎంబ్రాయిడరీ యంత్రానికి అందించడం అతని పని. తెల్లవారేసరికి ఆ నమూనా చేతికి రాకపోతే యంత్రం ఖాళీగా నిలుస్తుంది. వేయి కుట్లకు ఇంత అని లెక్కగట్టే ఆ వృత్తిలో, నిలిచిన ప్రతి గంటా ఒకరి కూలిలో కోతే. అందుచేత అతడు కూడబెట్టిన డబ్బుతో తన కంప్యూటరును తానే కూర్చుకోవాలని తలపెట్టాడు. ప్రాసెసరు గురించి నలుగురిని అడిగాడు. మెమొరీ గురించి పదిమందిని అడిగాడు. వీటన్నిటినీ ఇముడ్చుకొనే పెట్టె గురించి మాత్రం ఎవరినీ అడగలేదు.

ఇది అతని ఒక్కని పొరపాటు కాదు. పెండ్లి ఖర్చంతా అయిన తరువాత పురోహితుని సంభావన గుర్తుకు వచ్చినట్లు, కంప్యూటరు కూర్చుకొనే వారిలో అధికులకు ఆ పెట్టె చివరనే గుర్తుకు వస్తుంది. బజారులో దానిని 'కేబినెట్' అంటారు. మిగిలిన పదో పరకో పెట్టి, పైకి మెరుస్తున్నదేదో చూసి తెచ్చుకుంటారు. తక్కిన భాగాల మంచిచెడ్డలన్నీ ఆ కేబినెట్ మీద ఆధారపడి ఉంటాయన్న సంగతి మొదటి వేసవి వచ్చే వరకు తెలియదు.

మగ్గానికీ కంప్యూటరుకూ చుట్టరికం

నేతగాని మనుమడు కంప్యూటరు ముందు కూర్చోవడంలో వింత ఏమీ లేదు. ఆ యంత్రం పుట్టుకలోనే మగ్గం ఉన్నది. ఫ్రాన్సు దేశంలో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో రూపొందించిన మగ్గం, రంధ్రాలు పొడిచిన అట్టల వరుసను బట్టి ఏ పడుగు పోగు పైకి లేవాలో తెలుసుకొనేది. రంధ్రం ఉంటే ఒక పని, లేకుంటే మరొక పని. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన విశ్లేషణ యంత్రాన్ని ఊహించినప్పుడు ఈ అట్టలనే ఆదర్శంగా తీసుకున్నాడు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలలో హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులతోనే మనుషులను లెక్కించాడు. ఆయన నెలకొల్పిన సంస్థ మరికొన్నిటితో కలిసి, 1924లో ఐ.బి.ఎమ్. అనే పేరు ధరించింది. ఆ సంస్థే 1981 ఆగస్టులో, బల్లపై పెట్టుకొనగల పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. సూరత్‌లో ఎంబ్రాయిడరీ నమూనా తయారు చేయడాన్ని నేటికీ 'పంచింగ్' అనే అంటారు. రంధ్రాలు పోయాయి, మాట మిగిలింది.

కొలతల సంగతి

కేబినెట్ ఎన్నికలో మొదటి ప్రశ్న పరిమాణం. కంప్యూటరుకు వెన్నెముక వంటిది మదర్‌బోర్డు. దాని కొలతలకు స్థిరమైన ప్రమాణాలు ఉన్నాయి. ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏ.టి.ఎక్స్. ప్రమాణం ప్రకారం బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాని తమ్ముడైన మైక్రో ఏ.టి.ఎక్స్. రెండు వైపులా 244 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నదైన మినీ ఐ.టి.ఎక్స్. రెండు వైపులా 170 మిల్లీమీటర్లు. పెద్ద బోర్డుకు తగిన కేబినెట్‌లో చిన్న బోర్డు సాధారణంగా ఇముడుతుంది. చిన్నదానిలో పెద్దది ఇమడదు.

ఇదే సంస్థ 2004లో బి.టి.ఎక్స్. అనే కొత్త కొలతను తీసుకువచ్చింది. గాలి దారికి అది మేలైనదేనని చెప్పినా మార్కెట్టు దానిని ఆదరించలేదు. రెండేండ్లలోనే దానిని విరమించుకోవలసి వచ్చింది. పాత కొలతే నిలిచింది. కొనేవారికి ఇందులో ఒక శుభవార్త ఉన్నది. ప్రాసెసరు నాలుగైదు సంవత్సరాలలో పాతబడుతుంది, మెమొరీ తరం మారుతుంది. కాని మంచి కేబినెట్‌ను రెండు మూడు కంప్యూటర్లకు వరుసగా వాడుకోవచ్చు. అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె వలె అది చేతులు మారుతుందే గాని పనికిరానిది కాదు. ఆ లెక్కన చూస్తే దాని ధర, పైకి కనిపించినంత బరువైనది కాదు.

బోర్డుతో పాటు మరి మూడు కొలతలు చూడాలి. ప్రాసెసరు మీద నిలిచే చల్లార్చే సాధనం ఎత్తు మొదటిది. నిలువుగా ఉండే పెద్ద రకాలు 150 నుంచి 165 మిల్లీమీటర్ల వరకు ఉంటాయి. పక్క తలుపు మూసుకోకపోతే లోపం అక్కడే. గ్రాఫిక్స్ కార్డు పొడవు రెండవది. పెద్ద కార్డులు 300 మిల్లీమీటర్లు దాటుతున్నాయి. విద్యుత్తును అందించే ఎస్.ఎమ్.పి.ఎస్. పెట్టెకూ, దాని తీగలకూ కావలసిన చోటు మూడవది. ఈ మూడింటికి ఎంత అవకాశం ఉన్నదో కేబినెట్ వివరాలలో అచ్చువేసి ఉంటుంది. భాగాల కొలతలు ఒక కాగితం మీద వ్రాసుకొని, దర్జీ టేపు ఒకటి జేబులో వేసుకొని వెళ్లడం మంచిది. బట్టల నగరంలో దర్జీ టేపుకు కరువు లేదు.

ఎంబ్రాయిడరీ నమూనాలు గీసే పనికి భారీ గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ఆ యువకునికి మైక్రో ఏ.టి.ఎక్స్. బోర్డూ, దానికి తగిన మధ్యరకం కేబినెట్టూ చాలు. అవసరానికి మించిన ఇల్లు కట్టి అప్పుల పాలైనవారి కథలు తెలుగువారికి కొత్త కావు.

గాలి వచ్చే దారి, పోయే దారి

కంప్యూటరు తాగే విద్యుత్తంతా చివరకు వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటకు పంపే పని గాలిది. గాలికి దారి చూపే పని కేబినెట్‌ది. ముందువైపు నుంచి చల్లని గాలి లోపలికి రావాలి. వెనుకనుంచీ, పైనుంచీ వేడి గాలి బయటకు పోవాలి. వంటింట్లో కిటికీ లేకుండా పొగగూడు మాత్రమే పెడితే ఏమవుతుందో, ముందు మూసి వెనుక మాత్రం ఫాను పెట్టిన కేబినెట్‌లోనూ అదే అవుతుంది.

ఇక్కడనే అలంకారం అడ్డు వస్తున్నది. ముందువైపు నిండుగా గాజు పలక, దాని వెనుక రంగురంగుల దీపాలు ఉన్న కేబినెట్లు దుకాణంలో చూపరులను ఆకర్షిస్తాయి. గాజు గాలిని పీల్చనివ్వదు. పక్కన సన్నని చీలిక గుండా వచ్చే గాలి చాలక లోపలి ఫాన్లు ఆయాసపడతాయి. ముందుభాగం జల్లెడ వలె రంధ్రాల రేకుతో ఉన్నది చూడటానికి సాదాగా ఉన్నా పనిలో మిన్న. 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫాన్లు ముందు రెండు, వెనుక ఒకటి ఉంటే సామాన్యమైన పనికి సరిపోతాయి. ఫాను ఎటు తిప్పి బిగించాలో తెలియక గాలిని ఎదురెదురుగా తోలించేవారు ఉన్నారు. సాధారణంగా ఫాను చట్రం మీద బాణం గుర్తు ఉంటుంది. అది లేకపోతే, మోటారును పట్టి ఉంచే కమ్మీలు ఉన్న వైపు నుంచే గాలి బయటకు వస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

అయినా ఒక హద్దు ఉన్నది. గది వేడి 40 డిగ్రీలు ఉన్నప్పుడు, ఎన్ని ఫాన్లు పెట్టినా లోపలి భాగాలు అంతకంటె చల్లబడవు. గది ఒక డిగ్రీ వేడెక్కితే లోపల కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. ప్రాసెసరు 95, 100 డిగ్రీల ప్రాంతానికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఇంకా మించితే ఆగిపోతుంది. ఏప్రిల్ మాసపు మధ్యాహ్నం రేకుల కప్పు కింద పనిచేసే యంత్రం జబ్బుపడినట్లు మందగిస్తే, మరమ్మతు చేసేవాని కంటె ముందు గాలి దారిని అనుమానించాలి.

నూలు పీచు అనే శత్రువు

1994లో ప్లేగు భయంతో లక్షలాది ప్రజలు విడిచిపోయిన నగరం సూరత్. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు కాలంలో అది శుభ్రతకు పేరు తెచ్చుకున్నది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి దేశంలో ప్రథమ స్థానం పొందింది. వీధులు ఊడ్చే పని నగరపాలక సంస్థది. మగ్గాల గదిలో తేలే పీచును పట్టే పని మాత్రం ఇంటివానిదే.

ఈ పీచు మామూలు దుమ్ము వంటిది కాదు. కృత్రిమ దారానికి తయారీలో పూసే నూనె దానికి అంటి ఉంటుంది. ఆ జిడ్డుతో అది ఒకదానికొకటి పెనవేసుకొని, చల్లార్చే సాధనపు సన్నని రేకుల నడుమ చేరి, కొన్ని నెలలకు కంబళి ముక్క వలె గట్టిపడుతుంది. ఫాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. వర్షాకాలంలో ఆ పీచు తేమను కూడా పట్టి ఉంచుతుంది. తేమ చేరిన దుమ్ము విద్యుత్తు వెళ్లకూడని చోటికి దారి చూపగలదు. సముద్రం ఎంతో దూరం లేని ఈ నగరంలో తేమకు కొదవ లేదు.

దీనికి విరుగుడు ఒక చిన్న ఉపాయంలో ఉన్నది. బయటకు తోలే గాలి కంటె లోపలికి తీసుకొనే గాలి కొంచెం ఎక్కువగా ఉండేట్లు ఫాన్లను అమర్చాలి. అప్పుడు లోపలి ఒత్తిడి వెలుపలి కంటె స్వల్పంగా అధికమై, ప్రతి సందు నుంచీ గాలి బయటకే నెట్టబడుతుంది. లోపలికి రావడానికి ముందున్న వడపోత జాలీ ఒక్కటే దారి అవుతుంది. దీనికి వ్యతిరేకంగా వెనుక ఫాన్లే బలంగా ఉంటే, కేబినెట్ ప్రతి కంత నుంచీ వడకట్టని గాలిని పీలుస్తుంది.

కనుక జాలీ లేని కేబినెట్ ఎంత అందమైనదైనా మగ్గాల వీధికి పనికిరాదు. ముందువైపు, పైభాగాన, ఎస్.ఎమ్.పి.ఎస్. అడుగున జాలీలు ఉండాలి. అవి మరలు విప్పకుండా చేతితో ఊడదీయగలిగినవై ఉండాలి. శుభ్రం చేయడానికి స్క్రూడ్రైవరు కావలసిన జాలీని ఎవరూ శుభ్రం చేయరు. మగ్గాల చేరువలో రెండు వారాలకు ఒకసారి జాలీని నీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి పెట్టాలి. లోపలి దుమ్మును ఊదేటప్పుడు కరెంటు తీసివేసి, ఫాను రెక్కలను వేలితో పట్టి ఉంచాలి. గాలి దెబ్బకు రెక్కలు అతివేగంగా తిరిగితే ఫాను పాడవుతుంది. కార్ఖానాలోని గాలి కంప్రెసరును నేరుగా వాడేవారు దాని గొట్టంలో నీటి తుంపరలు ఉంటాయని మరువరాదు.

రేకు, అద్దం, చప్పుడు

దుకాణంలో పక్క పలకను బొటనవేలితో నొక్కి చూడటం మంచి పరీక్ష. సొట్టపడి తిరిగి లేచే పలుచని రేకు, బోర్డు బరువుకు వంగుతుంది, ఫాన్ల అదురుకు గిలగిల మంటుంది. మదర్‌బోర్డు బిగించే పలక వంకర పోకుండా ఉండాలి. లోపలి అంచులు మడిచి ఉన్నవో లేవో వేలితో నెమ్మదిగా తడిమి తెలుసుకోవాలి. మడవని అంచు బ్లేడు వలె కోస్తుంది. రంగు వేయని కోత అంచుల వద్దనే తుప్పు మొదలవుతుంది.

పక్కన గాజు పలక కావాలనుకొనేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ గట్టి గాజు నడిమిన దెబ్బను తట్టుకుంటుంది గాని అంచున తగిలే దెబ్బను తట్టుకోదు. దానిని విప్పి టైల్సు నేల మీద మూల ఆనేట్లు నిలబెడితే క్షణంలో రవ్వలు రవ్వలుగా పగిలిపోవచ్చు. చిన్నపిల్లలు తిరిగే ఒంటిగది ఇంట్లో రేకు పలకే క్షేమం.

చప్పుడు రాకుండా లోపల స్పాంజి మెత్తలు అతికించిన ఖరీదైన కేబినెట్లు కూడా ఉన్నాయి. మరమగ్గాల వీధిలో వాటిని కొనడం గుడిగంటల నడుమ గుసగుసలాడటం వంటిది. పైగా అటువంటి కేబినెట్లలో ముందుభాగం మూసి ఉండటం పరిపాటి కనుక గాలీ తగ్గుతుంది.

మూడవ పిన్ను

కంప్యూటరు కేబినెట్‌ను ముట్టుకున్నప్పుడు వేలికి సన్నగా జివ్వుమనడం చాలామందికి అనుభవమే. దానిని తేలికగా తీసుకోవడం పొరపాటు. ఎస్.ఎమ్.పి.ఎస్. లోపల విద్యుత్తు అలజడిని అణచడానికి రెండు చిన్న కెపాసిటర్లు, రెండు తీగల నుంచి లోహపు చట్రానికి కలిపి ఉంటాయి. గోడలోని ఎర్త్ తీగ సరిగా ఉన్నప్పుడు ఆ స్వల్ప ప్రవాహం భూమిలోనికి పోతుంది. ఎర్త్ లేనప్పుడు చట్రం, 230 వోల్టులలో దాదాపు సగం వద్ద తేలుతూ ఉంటుంది. ప్రవాహం అత్యల్పం కనుక అప్పటికి ప్రాణభయం లేకపోవచ్చు. కాని ఆ జివ్వుమనడం ఒక హెచ్చరిక. రేపు లోపల ఒక తీగ తెగి చట్రానికి తగిలితే, ఆ పూర్తి విద్యుత్తును భూమిలోనికి తీసుకుపోయే దారి ఆ ఇంట్లో లేదన్నమాట. అద్దె గదులలో మూడు పిన్నుల సాకెట్టు ఉన్నంత మాత్రాన దాని వెనుక ఎర్త్ తీగ ఉన్నదని అనుకోరాదు. ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు, కేబినెట్‌లోని ఒక ఫాను ధర కంటె ఎక్కువ ఉండకపోవచ్చు.

చవక కేబినెట్లలో కొన్నింటిని ఎస్.ఎమ్.పి.ఎస్.తో కలిపి ఒకే ధరకు అమ్ముతారు. ఆ బేరాన్ని అనుమానంతో చూడాలి. కంప్యూటరులోని ప్రతి భాగానికీ విద్యుత్తు అందించేది అదే కనుక, పేరూ గ్యారంటీ ఉన్నదానిని విడిగా కొనుక్కోవడం మేలు.

బిగించేటప్పుడు మరొక జాగ్రత్త. బోర్డు చట్రానికి తగలకుండా ఎత్తి ఉంచేవి చిన్న ఇత్తడి స్తంభాలు. బోర్డులో రంధ్రం ఉన్న చోటనే వాటిని అమర్చాలి. రంధ్రం లేని చోట ఒక్కటి మిగిలిపోయినా అది బోర్డు అడుగున తగిలి షార్ట్ చేస్తుంది.

వరద నేర్పిన పాఠం

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు వదలవలసి వచ్చినప్పుడు తాపీ నది పొంగి సూరత్ నగరంలో ఎక్కువ భాగాన్ని ముంచివేసింది. నది ఒడ్డున బతికేవారికి ఇది మరపురాని పాఠం. కేబినెట్‌ను నేల మీద పెట్టే అలవాటు అనేక ఇండ్లలో ఉన్నది. నేల మీద దుమ్ము ఎక్కువ, నీరు వస్తే మొదట మునిగేదీ అదే. బల్ల మీద, గోడకు కనీసం జానెడు దూరంలో పెడితే గాలికీ దారి ఉంటుంది. మోయగలిగినంత బరువున్న కేబినెట్‌ను ఎన్నుకోవడంలోని లాభం, మేడ మీదికి పరుగెత్తవలసిన రాత్రి తెలుస్తుంది. తడిసిన యంత్రాన్ని ఆత్రపడి ఆన్ చేయరాదు. అన్నిటికంటె ముఖ్యం, సంవత్సరాల శ్రమతో చేసిన నమూనాల ప్రతులు మరొక చోట భద్రపరచి ఉంచడం. కేబినెట్ యంత్రాన్ని కాపాడగలదు గాని పనితనాన్ని కాపాడవలసింది మనిషే.

నేతగాని చూపు

ఆ యువకుడు చివరకు దుకాణానికి తండ్రిని వెంటబెట్టుకొని వెళ్లాడనుకుందాం. ముప్ఫై సంవత్సరాలు సాంచాల నడుమ గడిపిన ఆ పెద్దమనిషికి ప్రాసెసరు అంటే ఏమిటో తెలియదు. కాని దుకాణదారు కేబినెట్ ముందుభాగం ఊడదీసి జాలీ చేతికిచ్చినప్పుడు, ఆయన దానిని వెలుతురుకు ఎత్తి చూస్తాడు. ఆ జాలీ కూడా ఒక నేతే. దానికీ పడుగూ పేకా ఉన్నాయి. పోగులు మరీ దగ్గరైతే గాలి ఆడదు, మరీ ఎడమైతే పీచు ఆగదు. ఏ నేత ఏ పనికి తగినదో ఆయన వేళ్లకు తెలుసు.

"ఇది చాలా పలుచగ ఉన్నది బిడ్డా, ఆ రెండోది చూడు" అని ఆయన అంటే, దీపాల వెలుగులో మునిగిన ఆ కొడుకు కొంచెం ఆగి వినడం మంచిది. తాను కొనబోయే యంత్రం గురించి తండ్రికి ఏమీ తెలియదని అతడు అనుకొని ఉండవచ్చు. ఆ యంత్రం రెండు వందల ఏండ్ల కిందట ఒక మగ్గం దగ్గర బయలుదేరి అక్కడికి వచ్చినదని గుర్తు చేసుకుంటే, ఆ సలహా తగినచోటి నుంచే వచ్చిందని గ్రహించగలడు.